తొడిమ

పొద్దున ఆరున్నరకి లాలుపురం రోడ్డు మీద
షేర్ ఆటో నన్ను దించేసరికే
గాలి దగ్గుతూ ఉంటుంది.
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు,
ముక్కుకీ నోటికీ పాత చున్నీ,
ముందు తేజా కాయల కుప్ప.
కాయ పట్టు, తొడిమ గిల్లు.
కాయ ఇటు, తొడిమ అటు.
టుక్.
కిలోకింత అని కూలి.
తొడిమ తీసిన కాయకే ధర ఎక్కువంటాడు గుమస్తా,
ఓడెక్కేది అదేనంట.

పదకొండేళ్లుగా నా పని
తెంపడం.

అందుకేనేమో
పాస్టరుగారు తీగ గురించీ కొమ్మ గురించీ చెప్తుంటే
నాకు ద్రాక్షతోట కనపడదు.
ద్రాక్షల్ని నేను తోపుడుబండి మీదే చూశా,
జ్వరమొచ్చినోళ్ల కోసం కట్టించుకున్న అరకిలో పొట్లంలో.
నాకు కనపడేది మిరపకాయ మెడ.
ఆకుపచ్చ టోపీ కింద, గోరు దిగే చోట,
చెట్టుకీ కాయకీ మధ్య నడిచిందంతా
ఆ గోరంత సందులోంచే నడిచింది:
నీళ్లూ, ఎరుపూ, మంటా.

మధ్యలో ఏడాదిన్నర ఎండిపోయాను.
ఎవరూ చావలేదు. ఎవరూ మాటనలేదు.
బైబిలు బియ్యం డబ్బా మీదే ఉంది,
నేను మోకాళ్ల మీదే ఉన్నాను,
మాటలు రాలేవి గాని తడి లేదు.
క్రిస్మస్‌కి కట్టిన కాగితం నక్షత్రం
ఎండలొచ్చినా వసారాలో వేలాడినట్టు
కొన్నాళ్లు చర్చిలో వేలాడాను.
తర్వాత అదీ మానేశా.
ఆదివారాలు దుప్పట్లు ఉతుక్కున్నా.

ఎందుకు రావట్లేదని దానమ్మత్త అడగలేదు.
మంగళవారం ఉపవాస కూడికలో
చాప మీద నా చోట తన చేతిసంచి పెట్టేదంట.
ఎవరన్నా కూర్చోబోతే
"మనిషుంది" అనేదంట.
మనిషి లేదు. సంచి ఉంది.
ఈ సంగతి నాకు చాన్నాళ్లకి తెలిసింది,
ఆ సంచి జరిపి కూర్చున్న రోజున.

ఆ రాత్రి మండే చేతుల్ని
మజ్జిగ గిన్నెలో ముంచుకుని అనుకున్నా:
కాయ ఎప్పుడన్నా చెట్టుని పట్టుకుందా?
దానికి చేతులెక్కడివి?
పట్టు అవతలి వైపుది.
కాయ చేసేదల్లా ఒకటే, విదిలించుకోకపోవడం.
నేను విదిలించుకోబోయాను కూడా.
నా గోరు పదునే,
ఎందుకో అక్కడ మాత్రం తెగలేదు.

మొన్న ఆదోని వైపు నుంచి కొత్తగా ఒక పిల్లొచ్చింది, ఈరమ్మ.
చెయ్యి కంట్లో పెట్టుకుని షెడ్డంతా వినపడేలా ఏడ్చింది.
చన్నీళ్లతో కళ్లు కడిగి
వేళ్ల సందుల్లో ఆముదం రాస్తుంటే,
"మీ దేవుడు చెప్పాడా అక్కా?" అంది.
"చెప్పాడో లేదో గాని
సీసా మాత్రం దానమ్మత్తది" అన్నా.
ఏడుస్తూనే నవ్వింది.
ఆ గంట నాకు కాటాలో రెండు కిలోలు తగ్గింది.

కోత పండగకి అందరూ తెచ్చారు.
గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజు.
నాకు సెంటు నేల లేదు.
చీర కుచ్చిళ్లు దులిపిన చోట
ఎప్పుడు పడిందో ఒక గింజ,
పగిలిన రంగు డబ్బాలో మొలిచి, ముడతొచ్చి, బతికి
ఒకే ఒక్క కాయ కాసింది.
అదే తెచ్చి పెట్టాను, సిగ్గుతో, గుమ్మడికాయ చాటున.

వేలం పాట మొదలైంది.
"మిరపక్కాయ ఒకటి!" అనగానే గొల్లున నవ్వారు.
దానమ్మత్త లేచి పదకొండు రూపాయలంది.
ఇంకెవరూ పాడలేదు.
నేను అలవాటుగా తొడిమ మీద గోరు వేస్తే
చేతి మీద ఒక్కటేసింది:
"ఉండనియ్యవే. దాంతోనే కొన్నా."

సోమవారం మళ్లీ షెడ్డు. టుక్. టుక్.
సాయంత్రం ఇంటికొచ్చి కొంగు దులిపితే
కాయలు రాలవు, అవి లెక్కలోకి పోయాయి.
తొడిమలు రాలతాయి, గుప్పెడు.
చీపురు తీసుకుంటాను గాని
వెంటనే ఊడ్వబుద్ధి కాదు.